చవక గది ఎవరికి చవక?

లాస్ వేగాస్‌లో హోటల్ గదులు చవక అని అమెరికాలో ఉన్న మనవాళ్ళు తరచుగా చెప్తుంటారు. అబద్ధం కాదు. గది అద్దె తగ్గించి, కింద కాసినో హాల్లో రాబట్టుకోవడం ఆ ఊరి పాత వ్యాపార సూత్రం. అయితే ఆ హాల్లో కూర్చునేదెవరు, పైన గదిలో పిల్లల్తో ఉండేదెవరు అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

లాస్ ఏంజిలెస్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక శనాదివారాలు అక్కడ గడిపాం. కారులో నాలుగైదు గంటల ప్రయాణం. గది అరవై డాలర్లన్నారు. అది వారం మధ్యలో ధర. శుక్ర, శనివారాలు వచ్చేసరికి అద్దె పెరుగుతుంది. దాని మీద రిసార్ట్ ఫీజని రాత్రికి నలభై పైచిలుకు, ఆపైన పన్ను, కారు పెట్టుకున్నందుకు ఇంకొంత. 2025 మే నుంచి ఇలాంటి ఫీజు కూడా కలిపిన ధరనే ముందుగా చూపించాలని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. చూపించమన్నారు గానీ వసూలు మానమనలేదు!

గదిలో కెటిల్ లేదు, ఫ్రిజ్ లేదు. పిల్లాడికి పాలు వెచ్చబెట్టాలంటే కిందికి దిగాల్సిందే. లిఫ్టు దిగి ఎటు నడిచినా దారి ఆ మిషన్ల మధ్య నుంచే. నెవాడాలో ఇరవై ఒక్క ఏళ్ళు నిండని వాళ్ళు ఆ హాలు దాటి పోవచ్చు గానీ అక్కడ నిలబడకూడదు. పైగా సిగరెట్ పొగ. 2006లో వచ్చిన పొగ నిషేధం చట్టం నుంచి కాసినో హాళ్ళని మినహాయించారు. అంచేత తల్లి పిల్లల్ని రెక్క పట్టుకుని గబగబా దాటించాలి, తండ్రి మాత్రం "ఐదు నిమిషాల్లో వస్తా" అని కూర్చోవచ్చు. మందు తెచ్చి చేతికిస్తారు, ఆడుతున్నంతసేపూ ఉచితం.

పైసల మిషన్ కదా, ఎంత పోతుందిలే అంటారు. లెక్క చూడండి. పేరుకి ఒక సెంటు మిషనే అయినా ఒక్కో ఆటకి అర డాలరైనా పెట్టించేవే ఎక్కువ. ఆరు సెకన్లకో ఆట అనుకుంటే గంటకి ఆరు వందల ఆటలు, అంటే మూడు వందల డాలర్ల పందెం. అందులో నూటికి పది మిషన్‌కే మిగిలినా గంటకి ముప్ఫై డాలర్లు. రెండు గంటల్లో మీకు చవకగా ఇచ్చిన గది అద్దె మీ చేతే కట్టించుకున్నట్టే. పిల్లల బట్టలకి పది షాపులు తిరిగి బేరమాడే ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. అడిగేవాళ్ళే లేరు.

ఆట మొత్తంగా చెడ్డదని నేననడం లేదు. దీపావళికి మనిళ్ళల్లో ముక్కలు వెయ్యమా ఏమిటి? అక్కడ ఒక పెద్దావిడని చూశాను, మనవాళ్ళే, నేత చీర, కాళ్ళకి బూట్లు. ఇరవై డాలర్లు పెట్టుకుని ముచ్చటగా ఆడింది. అయిపోగానే కళ్ళజోడు సంచీలో వేసుకుని లేచిపోయింది. ఆవిడ డబ్బు, ఆవిడ సాయంత్రం.

మా చెల్లెలికి ఆ రెండూ లేవు. తనూ ఉద్యోగం చేస్తుంది, సగం ఖర్చు తనదే. అయినా ఎంత పోయిందో మరిదిగారు చెప్పలేదు, తనూ అడగలేదు. మర్నాడు నేనే అడిగాను, డబ్బు గురించి కాదు, ఈ సాయంత్రం పిల్లల్ని ఎవరు చూస్తారని. ఆయన కాసేపు తటపటాయించి సరేనన్నారు.

అక్కాచెల్లెళ్ళం ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళి బెలాజియో ముందున్న కొలనులో ఫౌంటెన్ల ఆట చూశాం. సాయంత్రం పొద్దుపోయాక పావుగంటకోసారి వేస్తారు, పైసా ఖర్చు లేదు. మూడు ఆటలు చూసేదాకా మా చెల్లి అక్కణ్ణుంచి కదల్లేదు.