బీడా? అడవా? ఆమెనడిగారా?

అభివృద్ధి అనే మాట వినీ వినీ మన చెవులు చిల్లులు పడ్డాయి. 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తొలి మానవాభివృద్ధి నివేదిక తెచ్చినప్పుడు మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది. తలసరి ఆదాయం ఒక్కటే చాలదు, మనిషి ఎన్నేళ్లు బతుకుతున్నాడు, ఎంత చదువుకున్నాడు అన్నది కూడా చూడాలన్నారు. 2015లో ప్రపంచ దేశాలన్నీ కలిసి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి. వాటిలో ఐదోది స్త్రీ పురుష సమానత్వం. గడువు 2030.

బాగానే ఉంది. కానీ బడి మానేసిన ఆడపిల్లలు ఎందరో అంకెలు చెబుతాయి. ఎందుకు మానేశారో చెప్పవు. అది తెలియాలంటే ఎవరో ఒకరు ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉండి, వాళ్ల మాట నేర్చుకుని, వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని వినాలి. ఆ పని చేసేది మానవశాస్త్రం. మానవశాస్త్రం అంటే పుర్రెలు కొలిచే శాస్త్రమని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాళ్లకు నేను ఆదిలాబాద్ కథ చెబుతాను.

తుపాకీ తర్వాత వచ్చిన మనిషి

1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ఆ ప్రభుత్వానికి అప్పుడు తోచింది. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు ఆ పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో మకాం పెట్టారు.

ఆయనకు తెలిసింది ఏమిటి? గోండు రైతు తేలిక నేలను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గాక వదిలేసేవాడు. నేల విశ్రాంతి తీసుకున్నాక మళ్లీ దాని దగ్గరకు వచ్చేవాడు. అధికారులు హద్దులు గీసే వేళకు ఆ నేల ఖాళీగా కనిపించింది. ఇంకేం, అడవి అని రాసేశారు! రాళ్లు పాతాక సొంత చేలోకి వెళ్లినవాడు నేరస్థుడయ్యాడు. కాగితం చూసినవాడికి అది అడవి, ఊళ్లో ఉన్నవాడికి అది రేపటి చేను. ఈ ఒక్క తేడా ముందే తెలిసి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో!

హైమెండార్ఫ్ సలహాతో వేలాది కుటుంబాలకు పట్టాలొచ్చాయి. మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆయనను పంపింది తిరుగుబాటును అణచిన ప్రభుత్వమే. ఏలేవాడి చేతిలో ఈ శాస్త్రం పనిముట్టు కాగలదు. పైగా చెప్పిన పరిష్కారం నిలబడాలంటే చట్టానికి కాపలా ఉండాలి. 1970ల చివర ఆయన తిరిగి వచ్చి చూస్తే పట్టా భూములు చాలావరకు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదన్న 1 ఆఫ్ 70 చట్టం అప్పటికే ఉంది. ఉండి ఏం లాభం? 1982లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ బాధంతా ఉంది.

మరి ఆడవాళ్లు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ ప్రశ్నే. పట్టా అంటే సాధారణంగా ఇంటి పెద్ద, అంటే మగవాడి పేరనే. ఇప్పపువ్వు ఏరేది, తునికాకు కోసేది, కట్టెలు మోసేది, నీళ్లు తెచ్చేది ఎక్కువగా ఆమె. అమ్మిన ఇప్పపువ్వు ఎంతోకొంత ఆదాయంగా లెక్కకొస్తుంది. అడవి నుంచి తెచ్చి పిల్లల కంచంలో వేసిన ఆకుకూర లెక్కకు సరిగా అందదు. అడవి దూరమైతే ముందు పెరిగేది ఆమె నడక, తర్వాత తగ్గేది ఆమె తిండి. ఇవి పరాయి మగ పరిశోధకుడి ముందు ఆడవాళ్లు విప్పి చెప్పే మాటలా? అందుకే ఈ రంగంలోకి ఆడవాళ్లు, ముఖ్యంగా గిరిజన ఆడపిల్లలు రావాలంటాను. ఎలిజబెత్ కేవలం భర్త వెంట నడిచిన ఇల్లాలు కాదు. దక్షిణాసియా మానవశాస్త్ర రచనల సూచిని 1958లో తన పేరుతో వెలువరించిన విదుషి. 1987లో ఆమె చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు.

2006 అటవీ హక్కుల చట్టం కొంత నయం. పెళ్లయినవాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలంది. గ్రామసభకు సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలని 2012 నిబంధనలు చెప్పాయి. కానీ వచ్చి కూర్చోవడం వేరు, నోరు విప్పడం వేరు. సభ పెట్టే వేళ ఆమె అడవికి వెళ్లే వేళే అయితే? సంతకాల కాగితంలో ఇది కనపడదు.

బడిలో ఎవరి మాట?

ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని, అందులో మూడో వంతు స్త్రీలకని 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3వ నంబరు జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. కోర్టు చూసేది రాజ్యాంగ సూత్రం, కాదనలేం. కానీ ఆరేళ్ల పిల్లకు ఇంట్లో వినే మాట బడిలో వినపడకపోతే ఆమె అక్కడ మూగదైపోతుంది. చదువు మొద్దని పేరు పడుతుంది. మార్లవాయి పాఠం ఇదే కదా! రిజర్వేషన్ ఎంత శాతమన్న వాదనలో పడి, గోండీ, కోయ, సవర మాట్లాడే పంతులమ్మ బడికి ఎలా వస్తుందన్న అసలు ప్రశ్న మరుగున పడకూడదు. ఉద్యోగ అర్హతలోనే పిల్లల భాషకు విలువ కట్టే దారి చూడాలి.

ఒక గని తవ్వేముందు మట్టి పరీక్ష చేయిస్తాం. ఆనకట్ట కట్టేముందు నీటి లెక్క వేస్తాం. ఊరిని కదిపేముందు ఆ ఊరి ఆడవాళ్లతో కనీసం ఒక ఏడాది పాటు, విత్తనాల కాలం, ఇప్పపువ్వు కాలం, ఆకలి కాలం అన్నీ కలిసి బతికి చూసిన మనిషి నివేదిక ఎందుకు అడగం? ఇంజినీరు సంతకంతో పాటు ఆ నివేదిక కూడా ఉండి తీరాలన్న నియమం పెట్టమని మనం గట్టిగా అడగాలి. ఖర్చెక్కువని, ఆలస్యమవుతుందని అంటారు. అననివ్వండి. ఆదిలాబాద్‌లో అడగకుండా గీసిన గీతకు ఇన్నేళ్లయినా మూల్యం చెల్లిస్తూనే ఉన్నాం. అంతకన్నా ఖర్చు ఇంకేముంటుంది?