వెళ్ళొస్తానని చెప్పని సర్వర్లు

మన ఇళ్ళలో గడప దాటేవారు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. రీబూట్ అయ్యే లినక్సు సర్వరు సంగతీ అంతే. అది పోవడం లేదు, వెళ్ళి వస్తోంది. అయినా ఎన్నో సర్వర్లు ఆ ఒక్క మాట అనకుండానే నిష్క్రమిస్తాయి. ఎస్ఎస్‌హెచ్ ద్వారా అందులో పని చేసుకుంటున్నవారి తెర ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మీట నొక్కితే అక్షరం పడదు, దోష సందేశమూ రాదు.

ఎలాగూ ఆగిపోయే యంత్రానికి ఈ మర్యాదలెందుకని కొందరంటారు. వారితో నేను ఏకీభవించను.

మన బేగంపేట విమానాశ్రయాన్నే చూడండి. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం మొదలు కాగా, బేగంపేటలో సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. ఆ మూసివేత సబబా కాదా అన్న వాదన వేరు. కానీ తేదీని ముందుగా ప్రకటించారు. హెచ్‌వైడీ అన్న మూడక్షరాల సంకేతం సైతం కొత్త చోటికి తరలింది. మూతపడడం తప్పు కాదు, మూతపడ్డ సంగతి అవతలివారికి తెలియకపోవడమే తప్పు.

సర్వరులో ఆ కబురు ఎందుకు అందదు? టీసీపీ సంబంధాన్ని ముగించేవారు "ఫిన్" అనే చిన్న ప్యాకెట్టును అవతలికి పంపుతారు. అదే వీడ్కోలు. ప్రోగ్రాము ఆగితే కెర్నెలే దాన్ని పంపుతుంది. అయితే ప్రోగ్రాముకన్నా ముందే నెట్‌వర్కు ఆగిపోతే, ఆ వీడ్కోలు బయటపడే దారి ఉండదు.

2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 సిస్టమ్‌డీని స్వీకరించాక ఈ చిక్కు చాలామందికి ఎదురైంది. ఎస్ఎస్‌హెచ్ సేవను ఆపినప్పుడు ప్రధాన ప్రక్రియ మాత్రమే ఆగి, అప్పటికే లోపలున్నవారి సెషన్లు కొనసాగేలా డెబియన్‌లో అమర్చారు. ఉద్దేశం మంచిదే, సేవను పునఃప్రారంభించిన ప్రతిసారీ అందరూ తెగిపోకూడదు. కానీ యంత్రమే ఆగేటప్పుడు ఆ దయ బెడిసికొడుతుంది. సెషన్లు చివరిదాకా మిగిలిపోతాయి, ఆలోగా నెట్‌వర్కు వెళ్ళిపోతుంది.

దీనికి మందు ఉంది. లిబ్‌పామ్-సిస్టమ్‌డీ 230 లేదా ఆ తరువాతి వెర్షను ఉండి, ఎస్ఎస్‌హెచ్ అమరికలలో "యూజ్‌పామ్" ఎస్ అని ఉంటే చాలు. ప్రతి లాగిన్ విడి సెషనుగా నమోదై, నెట్‌వర్కు ఆగకముందే ముగుస్తుంది. పామ్ వద్దనుకునేవారి కోసం డెబియన్ తన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వరు ప్యాకేజీ ఉదాహరణలలో "ఎస్ఎస్‌హెచ్-సెషన్-క్లీనప్" అనే సేవను సిద్ధంగా ఉంచింది. దాన్ని నకలు చేసి, ఎనేబుల్ చేయడమే పని. కనుక ఇవాళ సర్వరు మౌనంగా వెళ్ళిపోతోందంటే అది సాంకేతిక లోపం కాదు. కనీస స్థాపన పేరిట ఆ ప్యాకేజీని వదిలేసినవారి, భద్రత పేరిట పామ్‌ను ఆపేసినవారి అశ్రద్ధ.

"వాడుకరే జాగ్రత్త పడవచ్చు కదా" అనే వాదన ఉంది. నిజమే. "సర్వర్అలైవ్‌ఇంటర్వల్" 15 అని పెట్టుకుంటే, మూడు పలకరింపులకు బదులు రాకపోయాక, అంటే సుమారు 45 సెకన్లకు, సంబంధం తానే తెగుతుంది. ఎంటర్, టిల్డ, చుక్క వరుసగా నొక్కినా బయటపడవచ్చు. తెలుసుకోదగ్గవే. కానీ ఇంటాయన ఉన్నాడో లేడో తేల్చుకునే భారం గుమ్మంలో నిలబడ్డ అతిథిదా?

ఆ అయోమయానికి వెల ఉంది. డేటాబేసు మార్పు సగంలో ఉండగా తెర బిగుసుకుపోయినవాడు ముందు తన నెట్‌ను అనుమానిస్తాడు. కాసేపటికి మళ్ళీ లోపలికి వెళ్ళి, సగం మారిన పట్టికపై అదే ఆజ్ఞను రెండోసారి నడుపుతాడు. టీమక్స్ అతన్ని కాపాడలేదు. అది సంబంధం తెగితే నిలుస్తుంది గానీ రీబూట్‌ను తట్టుకోదు. అందుకే యంత్రం చెప్పే వీడ్కోలు ఒక్కటే చాలదు, మనిషి కూడా చెప్పాలి. షట్‌డౌన్ ఆజ్ఞకు 10 నిమిషాల గడువు, కారణం తెలిపే ఒక వాక్యం జోడిస్తే లోపలున్నవారి తెరలపై అది కనిపిస్తుంది. పని ముగించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

మీ అధీనంలో సర్వరు ఉంటే, ఈసారి రీబూట్ చేసేటప్పుడు మరో కిటికీలో ఒక సెషను తెరిచి ఉంచి గమనించండి. అది వెంటనే తెగితే సంతోషం. బిగుసుకుపోతే, మీ సర్వరును నమ్ముకున్నవారు ఇన్నాళ్ళూ ఏం భరించారో మీకే తెలుస్తుంది.