పాత గేమ్ డిస్కు ఎవరిది? కొన్నవాడిదా, కంపెనీదా?

విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లు ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని చూడకుండా రారు. 1969లో నౌకాదళంలో చేరిన ఈ సోవియట్ తయారీ సబ్‌మెరైన్ 2001లో రిటైరైంది. మరుసటి ఏడాదే దాన్ని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. 2017లో టీయూ-142 విమానం కూడా దానికి తోడైంది. పని అయిపోయిన యంత్రాన్ని తుక్కుకు వేయకుండా పిల్లలకు చూపించడం ఈ ఊరికి బాగా తెలుసు.

అదే ఊళ్లో, గాజువాకలో ఓ ఇంటి అటక మీద పాత ప్లేస్టేషన్-2 ఉందనుకుందాం. ఎప్పుడో సౌదీ నుంచి మామూ తెచ్చింది. మెషీన్ పాడైపోయింది, డిస్కులు మాత్రం డబ్బా నిండా ఉన్నాయి. ఇంట్లో కొత్తగా ప్లేస్టేషన్-5 కొన్నారు. పాత డిస్కు అందులో పెడితే ఆడదు. దాని మీద గీత కూడా పడలేదు, డబ్బులిచ్చి కొన్నదే. అయినా ఎందుకూ పనికిరాదు. లోపం ఎక్కడుంది?

చేతకాక కాదు

2000లో వచ్చిన ప్లేస్టేషన్-2 ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైంది. మొదటి ప్లేస్టేషన్ చిప్‌ను కూడా లోపల పెట్టడంతో పాత డిస్కులూ అందులో ఆడేవి. దీన్నే బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ అంటారు. 2006 నాటి ప్లేస్టేషన్-3 తొలి మోడళ్లలోనూ ఇదే పద్ధతి. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి సోనీ ఆ చిప్‌లను తీసేసింది. ఇప్పటి ప్లేస్టేషన్-5 ప్లేస్టేషన్-4 గేమ్‌లను దాదాపు అన్నింటినీ ఆడిస్తుంది. అంతకుముందు తరాల డిస్కుల్ని మాత్రం ముట్టుకోదు.

చిప్ లేకపోయినా ఇంకో దారి ఉంది, అదే ఎమ్యులేషన్. కొత్త మెషీన్ పాత మెషీన్‌లా ప్రవర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఎక్స్‌బాక్స్-360 గేమ్‌లు కొన్నింటిని మైక్రోసాఫ్ట్ 2015 నుంచి ఎక్స్‌బాక్స్ వన్‌లో ఇలాగే ఆడించింది. జాబితాలో ఉన్న గేమ్ డిస్కు దగ్గరుంటే మళ్లీ కొనక్కర్లేదు. సోనీ కూడా కొన్ని పాత గేమ్‌లను తన స్టోర్‌లో కొత్తగా అమ్ముతోంది. అయితే అటక మీద డిస్కు ఉన్నవాడు కూడా మళ్లీ డబ్బు కట్టాల్సిందే. కాబట్టి ఇది టెక్నాలజీ లేకపోవడం కాదు, లెక్కల వ్యవహారం.

లాభం లేని గేమ్ సంగతి?

ఈ లెక్కలో నష్టపోయేది చిన్న మార్కెట్ల గేమ్‌లే. ప్లేస్టేషన్-2 కోసం 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది. తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా దీనికి అప్పట్లో ప్రచారం జరిగింది. గేమ్ బాగుందా లేదా అన్నది వేరే చర్చ. మన కుర్రాళ్లు తొలిసారి కన్సోల్ గేమ్ ఎలా కట్టారో చెప్పే ఆధారం అది. నేటి కన్సోల్‌లో ఆ డిస్కు పెడితే ఏమీ రాదు.

అమెరికాలోనూ గొప్పగా ఏమీ లేదు. అక్కడ 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది.

చట్టం ఏమంటోంది?

ఎమ్యులేటర్ అనగానే పైరసీ అనుకోవడం అలవాటైపోయింది. భారత కాపీరైట్ చట్టం అంత కఠినంగా లేదు. సెక్షన్ 52 ప్రకారం, న్యాయంగా సంపాదించిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు బ్యాకప్ తీసుకోవచ్చు. వ్యాపారం కాకుండా సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చు. 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసింది. కానీ హక్కుల్ని ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో చేస్తేనే. నెట్‌లో ఎవరో పెట్టిన గేమ్‌ను దించుకోవడం, నలుగురికీ పంచడం వేరే సంగతి, దానికి ఈ రక్షణ లేదు. సొంత డిస్కును కాపాడుకునేవాడినీ, దొంగ కాపీలు అమ్ముకునేవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

డిస్కు కూడా లేకపోతే

డిస్కు ఉన్నవాడి పరిస్థితే ఇది. ఇక ముందు డిస్కే ఉండకపోవచ్చు. 2024లో వచ్చిన ప్లేస్టేషన్-5 ప్రోలో డిస్కు డ్రైవ్ లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ సర్వర్లను యుబిసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. దాంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. గూగుల్ తన స్టేడియా గేమ్ సర్వీసును 2023 జనవరిలో మూసేసింది. కొన్న గేమ్‌ల డబ్బు వెనక్కి ఇచ్చింది, గేమ్‌లు మాత్రం పోయాయి.

అదే గూగుల్ ఇప్పుడు విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్, డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. ఉద్యోగాలు, భూములు, నీళ్ల గురించి చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. దాంతోపాటు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. మన ఆటలూ, ఫొటోలూ, పుస్తకాలూ అన్నీ ఎవరిదో సర్వర్‌లోకి వెళ్లిపోతే, వాళ్లు స్విచ్ ఆపిన రోజు మనకు మిగిలేదేంటి?

పుస్తకాల విషయంలో మన దేశం ఎప్పుడో జాగ్రత్తపడింది. ప్రచురించిన ప్రతి పుస్తకం కాపీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి పంపాలని 1954లోనే చట్టం చేసింది. గేమ్‌లకు అలాంటి చట్టం అవసరం. లైబ్రరీలు వాటిని ఎమ్యులేషన్‌లో నడిపి చూపించేందుకు స్పష్టమైన అనుమతీ ఉండాలి. కొనేటప్పుడు ఇది సొంతమా, అద్దెలాంటిదా అన్నది కూడా పెట్టె మీద రాయాలి. కాలిఫోర్నియాలో డిజిటల్ అమ్మకాలకు 2025 జనవరి నుంచి ఇలాంటి నిబంధన అమల్లో ఉంది.

కురుసుర మళ్లీ సముద్రంలోకి దిగక్కర్లేదు. ఒడ్డున ఉన్నా పిల్లలు లోపలికెళ్లి చూసి తెలుసుకుంటారు. గేమ్ అలా కాదు. నడిస్తేనే అది గేమ్, నడవకపోతే ఉత్త ప్లాస్టిక్ బిళ్ల.