మడతను దాటిన కెరటము

పిల్లల పుస్తకములకు బొమ్మలు వేయు చిత్రకారులు జంకెడి తావొకటి కలదు. అది రెండు పుటలు కుట్టులో కలిసి మునుగు నడిమి మడత. అచట ముఖము పడినచో ముక్కు మాయమగును, చేయి పడినచో వ్రేళ్లు కనబడవు. కావున ముఖ్యరూపములను దానికి ఎడముగా నిలుపుట వారి వాడుక. 1974లో సియోలు నగరమున జన్మించి, అచటి జాతీయ విశ్వవిద్యాలయమున చిత్రలేఖనమును, పిమ్మట లండనులోని కాంబర్‌వెల్ కళాశాలలో పుస్తకకళను అభ్యసించిన సూజీ లీ, ఆ మడతనే కథగా మలచెను.

2008లో వెలువడిన ఆమె ‘వేవ్’ గ్రంథమున పేరు తప్ప ఒక్క మాటయు లేదు. ఎడమపుటలో బొగ్గుగీతల చిన్నపిల్ల, కుడిపుటలో నీలిసముద్రము. పిల్ల అలను బెదిరించును, అది ముందునకు రాగా తాను వెనుదీయును. తుదకు ధైర్యము వచ్చి మడతను దాటబోవునపుడు ఆమె దేహములో కొంత అందులో అదృశ్యమగును. తొలిచూపున అచ్చుతప్పని తోచును. మఱల చూచినగాని, ఆ బిడ్డ ఒక లోకమును వీడి వేఱొక లోకమున అడుగిడుచున్నదని తెలియదు. పెద్ద కెరటము విఱిగిపడిన పిమ్మట అంతవఱకు వెలవెలబోయిన ఆకాశమును, పిల్ల గౌనును నీలమగును. ఇసుకపై గవ్వలు మిగులును.

అంతకు పూర్వపు ‘మిర్రర్’లో ఆ మడతయే అద్దపు అంచు: బాలికయు ప్రతిబింబమును అందులో లీనమై, ఒక జంటపుట పూర్తిగా తెల్లగా మిగులును. ఆ ఖాళీపుటను అచ్చువేయించుటకు ఎంతటి గుండెనిబ్బరము కావలెనో! 2010 నాటి ‘షాడో’లో మడత అడ్డముగా నుండి వస్తువును పైన, నీడను క్రింద నిలుపును.

పుస్తకము చేతబట్టగానే అక్షరములు లేవని చూచి, ‘ఇందులో చదువుటకేమున్నది?’ అని తిరిగి అరలో పెట్టివేయు తల్లిదండ్రులు మనలో నెందఱో యున్నారు. కాని భుజపు వంపును బట్టి భయమును, ముందునకు పడిన అడుగును బట్టి తెగువను ఊహించి, సందేహము కలిగినపుడు వెనుకటి పుటకు మరలి సరిచూచుకొనుట అచ్చువాక్యమును అప్పజెప్పుటకంటె కష్టతరమైన చదువు. కొందఱు కొనియు, ప్రతి పుటకును తామే వ్యాఖ్యానము చెప్పి బిడ్డకు చూచు వ్యవధి నీయరు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించును.

2022లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారము చిత్రకారుల విభాగమున సూజీ లీని వరించెను. కొరియా దేశస్థులలో దానిని పొందిన ప్రథమురాలు ఆమెయే. మన జిల్లా గ్రంథాలయములు బాలల విభాగమునకై ఇట్టి పుస్తకములను తప్పక కొనవలెను. వీనికై అనువాదకుని రాక ఎదురుచూడ నక్కఱలేదు.