పొగ రాదు సరే, నీళ్లెటు పోతాయి?

జిల్లాకు ఫ్యాక్టరీ వస్తోందంటే ముందుగా సంబరపడేది చదువుకున్న పిల్లలున్న తల్లులే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివిన పిల్లలకు బెంగుళూరు బస్సెక్కే పని లేకుండా కడప పక్కనే కొప్పర్తిలో ఉద్యోగం దొరికితే ఎవరికి చేదు? నాకూ చేదు కాదు. అక్కడ 540 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ పార్కు వచ్చింది, సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం అదే కొప్పర్తిలో 2,596 ఎకరాల పారిశ్రామిక వాడకు 2,137 కోట్ల అంచనాతో ఆమోదం తెలిపింది.

"పొగగొట్టమే లేదు, ఇంక కాలుష్యమేంటి?" అంటుంది మా పక్కింటావిడ. ఆమె మాటలో కొంత నిజముంది. విడిభాగాలు తెచ్చి బిగించే పనికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. కానీ పార్కు పెరిగేకొద్దీ ఆ విడిభాగాలను కూడా ఇక్కడే చేస్తామంటారు. సర్క్యూట్ బోర్డు చేయాలంటే రాగినీ ఆమ్లాలనూ కడిగిన నీళ్లు బయటికొస్తాయి. చిప్పులకైతే రోజుకు లక్షల లీటర్లు కావాలి. ఆ కడిగిన నీళ్లలో ఫ్లోరైడు కూడా ఉంటుంది. అసలే ఫ్లోరైడు బోర్లతో వేగుతున్న సీమ మనది!

చిప్పుల పుట్టిల్లు అమెరికాలోని సిలికాన్ వ్యాలీ. పచ్చటి తోటల మధ్య అద్దాల భవనాలు, పొగ ఊసే లేదు. 1981లో శాన్ హోసేలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ వారి భూగర్భ ట్యాంకు కారి, చిప్పులు తుడిచే ద్రావకం తాగునీటి బావిలో కలిసిందని తేలింది. పాపకు గుండె లోపంతో కాన్పయిన లొరైన్ రాస్ అనే ఇల్లాలు, తమ పేటలో ఎవరింట్లో గర్భం పోయింది, ఎవరి బిడ్డ లోపంతో పుట్టింది అని ఆరా తీసి మ్యాపు మీద గుర్తులు పెట్టింది. ఆ పేటలో అలాంటి కేసులు ఎక్కువేనని 1985లో ప్రభుత్వ సర్వే ఒప్పుకుంది గానీ, ఆ ద్రావకం వల్లేనని మాత్రం తేల్చలేకపోయింది. గుర్తుంచుకోవాల్సింది ఇదే. నీళ్లు చెడ్డాయని చూపడం ఒకెత్తు, ఎవరి వల్ల చెడ్డాయో రుజువు చేయడం ఇంకొకెత్తు.

అంత దూరం ఎందుకు? మన పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె యురేనియం కర్మాగారాన్నే చూడండి. అది చిప్పుల కంపెనీ కాదు, నిజమే. కానీ దాని వ్యర్థాల చెరువు పక్కన కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరునీళ్లు చెడి అరటి తోటలు ఎండుతున్నాయని మొత్తుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. సంస్థ తన తప్పేం లేదంది. ఆ వాదన తేలేలోపు బిందె ఎత్తుకుని నీళ్లకు నడిచేది ఎవరో చెప్పనక్కర్లేదు.

మన నదుల సంగతి ఇంకోటుంది. ఏడాది పొడుగునా పారే ఏరులో పడ్డ మురికి కొంతైనా పలచబడుతుంది. గండి కొండల్ని చీల్చుకొచ్చే పాపాఘ్ని గానీ, అది కలిసే పెన్న గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. దాంట్లో పడ్డది కొట్టుకుపోదు, ఇసుకలోకి దిగుతుంది. మనం తోడుకునేదీ ఆ ఇసుక కింది నీళ్లే. అందుకే "శుద్ధి చేసి వదులుతాం" అన్న మాటతో నాకు తృప్తి లేదు. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం, పారిశ్రామిక వాడ మొత్తానికి ఒకసారి అనుమతి వచ్చాక, లోపల పెట్టే ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అంటే మనం నోరు విప్పాల్సింది వాడకు అనుమతి అడిగే రోజునే. ఎన్ని నీళ్లు, ఏ రిజర్వాయరువి, వాడాక ఎటు పోతాయి? అడిగే హక్కు మనకుంది. ఆ సభకు ముప్పై రోజుల ముందే నోటీసు వేయాలి. అది మగవాళ్లు మాత్రమే చదివే కాగితం కాకూడదు.

రేపు ఎవరి వల్ల చెడ్డాయన్న వాదన వస్తే, ఇవ్వాళ నీళ్లెలా ఉన్నాయో చెప్పే కాగితం చేతిలో ఉండాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని నియమం. మీ ఊళ్లో ఆ ఐదుగురెవరో పంచాయతీలో అడగండి. వాళ్ల కిట్టు ఫ్లోరైడు, నైట్రేటు వంటివి చెబుతుంది, నికెలూ ద్రావకాలూ చెప్పదు. వాటికి పెద్ద ల్యాబుకే పంపించాలి. ఫ్యాక్టరీ గేటు తెరవకముందే!