రక్తమునకు వర్ణమేది?

శత్రువుతో పోరుట సైనికునకు ధర్మము. కాని తన్ను సమానునిగా నెంచని దేశముకొఱకు పోరవలసివచ్చినవానికి రెండవ రణరంగము మనస్సునందే యేర్పడును. అమెరికాలో 1959 మొదలు 1988 వఱకు వెలువడిన సార్జెంట్ రాక్ యుద్ధపు బొమ్మల కథలలో నిట్టివా డొకడు గలడు. అతడు కథానాయకుడు కాడు. నాయకుని దళమందలి నల్లజాతి సైనికుడు జాకీ జాన్సన్. 1961లో ప్రవేశపెట్టబడిన యీ పాత్ర సేనలో చేరకమునుపు పేరొందిన ముష్టియోధుడు.

1965లో రాబర్ట్ కానిగర్ వ్రాయగా జో క్యూబర్ట్ చిత్రించిన యొక కథలో జాకీ సహచరులతోగూడ జర్మనులకు చిక్కును. అచ్చట నొక నాజీ ముష్టియోధుడు అతని జాతిని దూషించుచు గ్రుద్దులు గురిపించును. తిరిగి కొట్టినచో చెరలోనున్న సహచరుల ప్రాణములకు ముప్పు. కొట్టకున్న తన జాతికి తలవంపు. జాకీ మొదట దెబ్బలను సహించును. ఈ సహనము కొందఱికి పిరికితనముగ దోపవచ్చును. మా యభిప్రాయ మది కాదు. చేతగానివాని యోర్పు వేఱు. చేవ యుండియు బరులకొఱకు బిడికిలి బిగబట్టినవాని యోర్పు వేఱు. తుద కతడు తిరుగబడును. పిమ్మట గాయపడిన యా శత్రువునకే తన రక్తము నిచ్చి బ్రదికించును. మనుజులందఱి రక్తమును ఎఱ్ఱనిదేయని నాజీ యొప్పుకొనును.

కథ యుదాత్తమే. అయినను మా కొక యాక్షేపణ గలదు. జాతిగర్వమంతయు నాజీ నోటనే పలికించి రచయిత స్వదేశమును సుళువుగ విడిచిపెట్టెను. ఆ యుద్ధకాలమున అమెరికా సేనలో నల్లవారికి దళములు వేఱు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తరువు చేయువఱకు నా పద్ధతియే చెల్లెను. రక్తము మాట యింకను విపరీతము. అమెరికా రెడ్‌క్రాస్ సంఘము మొదట నల్లవారి రక్తమును నిరాకరించెను. 1942లో స్వీకరించియు, 1950 వఱకు దానిని వేఱుగ నుంచెను. రక్తమును నిలువజేయు విధానమును దీర్చిన వైద్యులలో ప్రముఖుడైన చార్లెస్ డ్రూ స్వయముగ నల్లజాతివాడు. ఈ భేదమునకు శాస్త్రాధారము లేదని యాయన ఖండించెను. ఇంతకన్న విడ్డూర మేమున్నది? జాకీ నిజముగ జీవించియున్నచో నతని రక్తము శత్రువున కెక్కుటకు ముందు స్వజనులచేతనే వేఱు సీసాలో బెట్టబడియుండును!

అందుచేతనే 1942లో నల్లజాతీయులు రెండు విజయములు గోరిరి: వెలుపల శత్రువుపై నొకటి, ఇంట నన్యాయముపై నొకటి. 1939లో తన సమ్మతి లేకయే యుద్ధమున దింపబడిన భారతదేశమునకు ఈ వేదన తెలియనిది కాదు. ప్రాణమడుగు హక్కు గల దేశమునకు గౌరవ మిచ్చు బాధ్యతయు గలదు. జాకీ తన ఋణము దీర్చుకొనెను. అతని దేశము దీర్చవలసిన ఋణమునుగూర్చి మాత్ర మా కథ మౌనము వహించినది.