ఇద్దరికి ఇరవై సొరకాయలు

మిద్దె మీద కూరగాయలు పండించడం నగరవాసికి పట్టుబడింది. పండినదాన్ని పంచడమే ఇంకా చేతకావడం లేదు.

తొలి సొరకాయ కోసిన రోజు ఇంట్లో చిన్నపాటి పండగే. ఫొటో తీసి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిస్తారు. మొదటిది పాలు పోసి కూర, రెండోది పప్పులోకి, మూడోది పులుసులోకి. అయిదోది కోసేసరికి ‘ఈ పూట కూడా సొరకాయేనా?’ అన్న ప్రశ్న భోజనాల బల్ల దగ్గర వినిపిస్తుంది. పదోది వచ్చేసరికి ఫ్రిజ్‌లో పాలగిన్నెకు చోటుండదు. ఆకుల మాటున దాక్కున్న పదకొండోది కంటబడేసరికే ముదిరిపోయి గోరు దిగదు. ఇక అప్పుడు మొదలవుతుంది పొరుగింటి తలుపు తట్టే కార్యక్రమం.

“వదినగారూ, మా పాదుకు కాసినవి. మందులు కొట్టనివి. రెండు తీసుకోండి.”

“అయ్యో, మొన్న మీరిచ్చిందే ఇంకా ఫ్రిజ్‌లో ఉందండీ!”

మర్యాదగా చెప్పిన ఆ ‘వద్దు’తో ఒక మధ్యతరగతి ఇంటికి మిగులు సమస్య అంటే ఏమిటో అర్థమవుతుంది.

మిద్దెతోట ఇప్పుడు కొత్త ముచ్చటేమీ కాదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాలను రాసి తెలుగునాట ఈ మాటకు ప్రాచుర్యం తెచ్చారు. బెంగళూరులో ఇంటితోటల వాళ్లు కలుసుకునే ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’ సంతలు 2011లో మొదలయ్యాయి. కూరగాయల కోసం పొరుగు రాష్ట్రాల మీద ఆధారపడే కేరళలోనైతే, ఓణం నాటికి ఇంటింటా చేటెడు కూరగాయలు పండించాలంటూ ప్రభుత్వమే విత్తనాలు పంచింది. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో చిక్కుకుపోయి కుండీల వైపు చూసినవారు ఇంకెందరో.

ఈ ఉత్సాహానికి ఎదురయ్యే చిక్కు కుటుంబం సైజుతో వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగటు కుటుంబంలో ఉండేది 4.4 మంది. పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో వెళ్లిపోయిన నగరపు ఇంట్లో మిగిలేది ఇద్దరే. తోటపనికి తీరిక ఉండేదీ ఎక్కువగా వాళ్లకే. పండించే తీరిక ఉన్నచోట తినే నోళ్లు లేవన్నమాట. సొరపాదుకు మాత్రం జనాభా లెక్కలతో పనిలేదు. అది కాయడం మొదలుపెడితే ఉమ్మడి కుటుంబానికి కాసినట్లే కాస్తుంది.

పోనీ, కొన్నాళ్లు కోయకుండా వదిలేద్దామంటే అదీ కుదరదు. బెండకాయ రెండు మూడు రోజులు ఆలస్యమైతే పీచు పడుతుంది. చిక్కుడు గింజ కడుతుంది. కాయలు చెట్టునే ముదిరితే మొక్క తన పని అయిపోయిందనుకుని కొత్త పూతను తగ్గించేస్తుంది. కోస్తే పేరుకుపోతాయి, కోయకపోతే కాపు ఆగిపోతుంది. కొత్తగా తోట వేసినవారికి ఈ సంగతి విత్తనాల ప్యాకెట్ మీద ఎవరూ రాసి పెట్టరు.

అమ్ముకునే దారి ఎలాగూ లేదు. మన పెరట్లో టమోటా విరగకాసే రోజుల్లోనే ఊరి పొలాల్లోనూ అది విరగకాస్తుంది. మార్కెట్‌లో చవగ్గా దొరుకుతున్నదాన్నే మన బుట్టలోంచి ఎవరు కొంటారు? రైతుకు ఇది పాత కథ. 2023 జూలైలో పలు నగరాల్లో టమోటా కిలో రూ. 200 దాటింది. రెండు నెలలు తిరక్కుండానే ధర కుప్పకూలి, కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు. టమోటా, ఉల్లి, బంగాళాదుంపల ధరల ఆటుపోట్లను అదుపు చేయడానికి కేంద్రం 2018-19 బడ్జెట్‌లో రూ. 500 కోట్లతో ‘ఆపరేషన్ గ్రీన్స్’ ప్రకటించిన తర్వాత పరిస్థితి ఇది. మిద్దె మీది దంపతులకు ఆ రైతు కష్టంలో వెయ్యో వంతు రుచి తెలుస్తుంది. తేడా ఒక్కటే. వీళ్లకు మిగిలేది కూరగాయలు, రైతుకు మిగిలేది అప్పు.

మిగులును దాచుకోవడం ఈ ఉపఖండానికి తెలియని విద్య కాదు. కశ్మీర్‌లో మంచు దారులు మూసేసే నెలల కోసం వేసవిలోనే సొరకాయ, వంకాయ, టమోటా ముక్కలను ఎండబెడతారు. నేపాల్ కొండల్లో ఆవాకు, ముల్లంగి ఆకులను పులియబెట్టి, ఎండబెట్టి ‘గుంద్రుక్’గా మారుస్తారు. బెంగాలీలు బూడిదగుమ్మడి కోరు కలిపి పెట్టుకునే బొడిలకూ, మన గుమ్మడి వడియాలకూ చుట్టరికం స్పష్టంగానే కనిపిస్తుంది. వంకాయ, గోరుచిక్కుడు, టమోటా వరుగులు తెలుగు పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ప్రతి అటక మీదా ఉండేవి.

అయితే ఈ విద్యకు పదిమంది చేతులు, పగలంతా ఎండ, తర్వాత తినడానికి పదిమంది నోళ్లు కావాలి. ఇద్దరున్న ఇంట్లో మిద్దె ఉంటే ఎండ దొరుకుతుంది కానీ మిగతా రెండూ దొరకవు. ఊరగాయ పెడదామంటే ఇద్దరికీ బీపీ, ఉప్పు తగ్గించమని డాక్టర్ హెచ్చరిక. టమోటాలను ఉడికించి గుజ్జు తీసి డీప్ ఫ్రీజర్‌లో దాచవచ్చు. బీన్స్‌ను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి, చల్లార్చి దాచవచ్చు. కానీ సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ ఐసు అరకు కూడా ఒక హద్దుంది.

చివరికి మిగిలేది పంపకమే. పంపకం ఉన్నచోట రాజకీయం ఉంటుంది. ఎవరికి ఏమిటి, ఎప్పుడు, ఎలా దక్కుతుందన్న ప్రశ్ననే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ 1936లో రాజకీయాలపై రాసిన తన పుస్తకానికి పేరుగా పెట్టారు. ఆ ప్రశ్నను సొరకాయల బుట్టకు వేసి చూస్తే ఇంటి సంగతులు కొన్ని బయటపడతాయి. లేత కాయలు వియ్యాలవారికి, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి, తెలిసిన డాక్టర్‌గారికి వెళ్తాయి. ఓ మోస్తరువి పక్కింటికి. ఎవరూ తీసుకోనివి, ముదిరినవి, ఓ పక్క మెత్తబడినవి పనమ్మాయికి, వాచ్‌మన్‌కి.

పక్కింటి వదినగారు ‘వద్దు’ అనగలరు. పనమ్మాయి అనలేదు. ‘పాపం, తీసుకుపో’ అంటూ చేతిలో పెట్టిన మూడు కిలోల బరువుతో ఆమె బస్సెక్కాలి. నాలుగిళ్లలో పని ముగించుకుని ఇల్లు చేరాక ఆ ముదురు కాయ చెక్కు తీసి, గింజ తీసి వండే ఓపిక, దానికి అయ్యే గ్యాసు కూడా ఆమెవే. ఇచ్చినవారికి మాత్రం దానం చేసిన తృప్తి. వద్దనే స్వేచ్ఛ లేని మనిషికి ఇచ్చింది కానుక ఎలా అవుతుంది? చాలాసార్లు అది చెత్తబుట్టకు వెళ్లాల్సినదాన్ని మరో ఇంటికి దారి మళ్లించడమే.

అలాగని పంచడం మానేయాల్సిన పనిలేదు. వరస మారిస్తే చాలు. కోసిన రోజునే, లేతగా ఉన్నప్పుడే, ముందు ఆమెనే అడగొచ్చు. ఏది కావాలో, ఎన్ని కావాలో ఆమెనే ఏరుకోనివ్వొచ్చు. లిఫ్ట్ పక్కన ఓ బుట్ట పెట్టి, కావలసినవారు తీసుకోవచ్చని రాసిపెడితే మొహమాటాల బెడద తగ్గుతుంది. అందులో వాచ్‌మన్‌కూ వాటా ఉందని నోటితో కూడా చెప్పాలి. లేకపోతే అతను దాన్ని ముట్టుకోడు. సొరకాయైతే ఇచ్చేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదుగా ఉంటే ఉమ్మేసి కాయను పారేయాలి. చేదు సొరకాయ ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి.

తగ్గించి వేయడం ఇంకా తేలిక. ఇద్దరికి ఒక్క సొరపాదు ఎక్కువే. బెండ, చిక్కుడు గింజలన్నీ ఒకేరోజు కాక పదిహేను రోజులకో విడతగా నాటితే కాపు కూడా విడతలుగా వస్తుంది. పక్కింటివారికీ తోట ఉంటే మీరు బీర, మేము కాకర అని ముందే అనుకోవచ్చు. అప్పుడు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్న పాత మర్యాద కూడా నిలబడుతుంది. ముదిరిన ఆ పదకొండో కాయకూ ఓ దారుంది. హైబ్రిడ్ కాకపోతే, పాదునే ఎండనిచ్చి గింజలు తీస్తే, వచ్చే ఏడాదికి పదిళ్లకు సరిపడా విత్తనం. విత్తనాలు ఫ్రిజ్‌లో చోటు అడగవు. బస్సులో బరువూ కావు.

ఇన్ని పాఠాలు నేర్చుకుని, మరుసటి ఏడాది ఆ ఇంట్లో సొర జోలికి పోకుండా నాలుగు కుండీల్లో పాలకూర చల్లి ఊరుకుంటారు. వానాకాలం వెళ్లే వేళ ఓ సాయంత్రం కాలింగ్ బెల్ మోగుతుంది. గుమ్మంలో పక్కింటావిడ.

“ఏం వదినగారూ, ఈసారి సొరకాయలు వేయలేదా?”